కలువల కోసం తవ్వించిన గుంట

ఏవండీ,

మీరు దేవుడి దగ్గరికి వెళ్లిపోయి నేటికి ఏడాది. పొద్దున ప్రార్థన అయ్యాక, మీకు ఒక సంగతి చెప్పాలనిపించి కాగితం తీశాను. పెరట్లో కొబ్బరిచెట్ల పక్కన, కలువల కోసం చిన్న గుంట తవ్వించాను.

మీరుంటే ఒప్పుకునేవారు కాదు. మన బాబు కాలవలో పడి చనిపోయిన వారమే, పెరట్లో ఉన్న పాత గుంటను మీరే మట్టి మోసి పూడ్చేశారు. మోస్తూ మీరు ఏడవడం వంటింట్లోంచి చూశాను. అందుకే ఇన్నేళ్లూ నేనా మాట ఎత్తలేదు.

వేసవి సెలవుల్లో మన సుగుణ అంది కదా, "అమ్మా, తమ్ముడికి కలువలంటే ప్రాణం. వాడెలా పోయేడో తప్ప మనం ఇంకేం గుర్తుపెట్టుకోలేదేంటమ్మా?"

మర్నాడే పక్కింటి సూరన్నగారిని పిలిచాను.

"ఎంత లోతు తియ్యమంటారండీ?"

"మోకాలి లోతు చాలండి."

"ఆయ్, అలాగేనండి" అని, ఆయన ఇంకేమీ అడగకుండా పలుగు పట్టుకున్నారు.

ఈ రోజు మొదటి కలువ పూసింది. తల్లీకూతుళ్లం గట్టు మీద కూర్చున్నాం. వాడు కప్పని పట్టి మీ బడి సంచిలో పెట్టడం, మీరు క్లాసులో సంచి తెరిచి కుర్చీ ఎక్కడం, అన్నీ చెప్పుకున్నాం. నవ్వీ నవ్వీ సుగుణకి కళ్లనీళ్లొచ్చాయి. వాడి పేరు చెప్పుకుని ఈ ఇంట్లో నవ్వడం ఇదే మొదటిసారండీ. మీరూ ఉండాల్సింది.

మీ
మరియమ్మ