మూడో కడ్డీ

జూన్ 4

ప్రియమైన సోడాబుడ్డీ,

ఆరేళ్ల తర్వాత ఇదెక్కడ ఊడిపడిందిరా బాబూ అనుకుంటున్నావు కదూ? నీ ఫోన్ నంబరు మారిపోయింది. కళ్లజోళ్ల షాపులో చేస్తున్నావని తెలిసి ఆ అడ్రసుకే రాస్తున్నాను. తిట్టుకో, కానీ చివరిదాకా చదువు.

ఈమధ్య ఓ డిటెక్టివ్ వీడియో గేమ్ పిచ్చి పట్టింది నాకు. అధ్యాయానికో చిక్కుముడి, విప్పితేనే తలుపు తెరుచుకుంటుంది. నాలుగోదాని దగ్గర ఇరుక్కుపోయాను. ఉంగరం పోయింది. వంటవాడు "తోటమాలి తీశాడు" అంటాడు. తోటమాలి "నేను తీయలేదు" అంటాడు. డ్రైవరూ "నేను తీయలేదు" అంటాడు. ముగ్గురిలో ఒక్కడే నిజం చెబుతున్నాడట. నా బుర్ర సంగతి నీకు తెలుసుగా. కాస్త చెప్పవే.

నీ తూనీగ


జూన్ 11

ప్రియమైన తూనీగా,

దొంగ మొహమా, ఆరేళ్లకి గుర్తొచ్చానా! ఉత్తరం చూసి అద్దాలు అరగదీసే మిషన్ ఆపేసి మరీ చదివాను.

డ్రైవరే తీశాడు. వంటవాడి మాటా తోటమాలి మాటా ఒకదానికొకటి ఎదురు, కాబట్టి ఆ ఇద్దరిలో ఒకడిది నిజం. నిజం ఒక్కటే కనుక డ్రైవర్‌ది అబద్ధం. ఇలాంటిదే నేనూ ఒకటి కట్టాను, నల్ల అట్ట పుస్తకంలో. ప్రశ్నలే రాసేదాన్ని, జవాబులు నోటితోనే. జవాబు రాసేస్తే ప్రశ్న చచ్చిపోతుందని నా చాదస్తం.

ఆ పుస్తకం పోయింది, తెలుసా? నువ్వు మన అద్దె గది ఖాళీ చేసి వెళ్లిన మర్నాడే. అందరం పనుల్లోకి వెళ్లాక ఓనరమ్మ ఇంటికి తాళం వేసేది కదా. తాళంచెవులు రెండే. ఒకటి ఓనరమ్మది, ఆవిడ ఆ రోజు ఊళ్లో లేదు. రెండోది గదులు తుడిచే అక్కది. అందరి ముందూ వేళ్ల మీద లెక్కపెట్టి చూపించాను. అక్క ఏడ్చింది. ఓనరమ్మ ఆవిణ్ణి పన్లోంచి తీసేసింది. తప్పు చేశానా అని ఇప్పటికీ మనసు పీకుతుంది. మళ్లీ లెక్క వేసుకుంటాను, మళ్లీ అక్కే తేలుతుంది. అది తప్పయితే నేనేమైపోవాలో నాకు తెలీదు.

ఇంకో చిక్కుముడి పంపు. చాలా రోజులకి బతికినట్టుంది.

నీ సోడాబుడ్డి


జూన్ 16

ప్రియమైన సోడాబుడ్డీ,

నీ బుర్రకి దండం! ఆ పాత గోలంతా ఇప్పుడెందుకే, వదిలెయ్.

ఇదే చివరిది. ఓడ కెప్టెన్ ఇల్లు. బయట తాళం, లోపల ఎవరూ లేరు. తాళంచెవులున్న ఇద్దరూ ఊళ్లో లేరు. ప్రతి కిటికీకీ ఏడు ఇనుప కడ్డీలు. పగలే దిక్సూచి మాయమైంది. దొంగ ఎలా వచ్చాడు? రెండు రోజులుగా జుట్టు పీక్కుంటున్నాను. త్వరగా రాయి, ప్లీజ్.

నీ తూనీగ


జులై 9

ప్రియమైన సోడాబుడ్డీ,

మూడు వారాలైంది. నీకు అర్థమైపోయి ఉంటుంది, ఇక దాచి లాభం లేదు. నేను గేమ్ ఆడటం లేదు, తయారుచేస్తున్నాను. కంపెనీలో చిక్కుముళ్లు రాసేది నేనే. నీ నల్ల పుస్తకం నా దగ్గరే ఉంది, నీకు పంపినవన్నీ అందులోవే. నువ్వెలాగూ వాటిని ఎవరికీ చూపించేదానివి కాదు, మూలన పడి ఉంటాయని తెచ్చుకున్నాను. అంతేనే, దొంగతనం అనుకోకు.

కెప్టెన్ ఇంటికి ఎన్ని జవాబులు అల్లినా ఏదీ అతకడం లేదు. ఈ నెలాఖరుకి ఇవ్వకపోతే నా ఉద్యోగం ఊడుతుంది. నీ పేరు కూడా వేయిస్తాను. జవాబు చెప్పు, నీ కాళ్లు పట్టుకుంటాను.

నీ తూనీగ


ఆగస్టు 2

తూనీగా,

నెలాఖరు దాటింది. నీ ఉద్యోగం ఏమైందో నాకు తెలీదు, అడగను. ఇన్నాళ్లూ నేను వేరే మనిషిని వెతికాను.

జవాబు రాస్తున్నాను, వాడుకో. ఆ కెప్టెన్ ఇల్లు మన గదే. వెనక కిటికీలో మూడో కడ్డీ తిప్పితే ఊడొచ్చేది. మరిచిపోయిన గొడుగు కోసమో, అన్నం డబ్బా కోసమో నువ్వు అందులోంచే దూరేదానివి. మనిద్దరికీ తెలిసిందే కదా అని ఆ ఆధారం పుస్తకంలో రాయడం మరిచిపోయాను. నువ్వేమో ఆ కిటికీలోంచే దూరి నా పుస్తకం పట్టుకుపోయి, దొంగ ఎలా వచ్చాడని నన్నే అడిగావు! చేసింది దొంగతనమే కాదనుకున్నదానికి అది ఎందుకు తడుతుంది?

నా తప్పు ఇంకా పెద్దది. ఆ రోజు నాకు కడ్డీ గుర్తొచ్చింది. అది తూనీగకి తప్ప ఎవరికీ తెలీదు, తూనీగ తీయదు, అని కొట్టేశాను. నిన్ను లెక్కలోంచి తీసేశాను కాబట్టి అక్క మిగిలింది. ఇన్నేళ్లూ ఆ లెక్క చూసుకునే నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నీ మీద కోపం కన్నా నా మీద నాకు అసహ్యం ఎక్కువగా ఉంది.

అక్క నిన్న దొరికింది. ఒక ఆఫీసులో మెట్లు తుడుస్తోంది. మోకాళ్లు పాడయ్యాయి, ఒక్కో మెట్టు మీదా కూర్చుని తుడుస్తోంది. దొంగ అన్న పేరు పడ్డాక ఇళ్లలోకి ఎవరూ రానివ్వలేదట. పుస్తకం ఎవరు తీశారో చెప్పాను. కిటికీ సంగతి, కడ్డీ సంగతి అన్నీ పూసగుచ్చినట్టు చెప్పి, క్షమించమని చేతులు పట్టుకోబోయాను.

ఆవిడ చేతులు వెనక్కి తీసుకుంది. తలెత్తి నా మొహం కూడా చూడలేదు.

"అక్కడ నిలబడకమ్మా, ఇప్పుడే తుడిచాను" అంది.

ఇక నాకు రాయకు.