సీరియల్ సెట్టూ, నాలుగో చరణమూ

ప్రియమైన చెల్లెమ్మకు,

ఒక్క బల్బు మాడితే దండంతా ఎందుకు ఆరిపోవాలి? జవాబు చెప్పు! మోటార్లకు తీగ చుట్టే షాపులో పొద్దంతా కరెంటుతోనే కాపురం చేస్తున్నదానివి, నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

వాక్యగ్రంథం నా పక్కనే తెరిచి ఉంది. దీపం మాట వచ్చిన చోటల్లా చీటీ పెట్టాను. ఎటు తిప్పినా నూనె దీపాలే! నాకు కావలసింది నాన్న కట్టిన సీరియల్ సెట్టు, ఆ రంగు బల్బుల దండ. వచ్చే ఆరాధనలో దాని గురించే బోధిస్తాను. కారణం మన పాటల బాబాయి.

మనకు ఊహ తెలిసినప్పటినుంచీ మందిరంలో పాట ఎత్తేది ఆయనే కదా. ఆయన ఒక పంక్తి పాడతాడు, సభ అదే పంక్తి తిరిగి పాడుతుంది. పుస్తకం లేదు, కాగితం లేదు, అన్నీ ఆయన గొంతులోనే. ఇప్పుడు ఆయనకు మతిమరుపు వచ్చింది. నడి పాటలో ఆగిపోతున్నాడు. ఆయన ఆగితే వందమంది నోళ్లూ మూతపడుతున్నాయి. మొన్న నాన్న కట్టిన పాటలో నాలుగో చరణం ఎత్తుకున్నాడు. "నా వంతు నూనె నే తెచ్చినానయ్యా" అన్నాడు, అంతే. చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. వెనక బల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది, ఆ నవ్వినవాళ్ల మీదా, ఆయన మీదా.

మాడిన బల్బును దండలోంచి తీసేస్తే మిగతావి వెలుగుతాయి. అదే నా బోధ. ఆయన్ని వెనక బల్లకు పంపి, పాట దర్జీ కోడలికి ఇస్తాను. బాగా పాడుతుంది. ఈ మాట పిన్ని చెవిన పడి, పరుగున ఇంటికొచ్చింది. "ఆ పాట కోసమే పొద్దున్నే లేచి చొక్కా తొడుక్కుంటున్నాడురా. అది లాగేస్తే మంచం దిగడు" అంది. నేనేం చెయ్యను? సభ ముఖ్యమా, మనిషి ముఖ్యమా?

నువ్వు వచ్చి ఒక్కసారి పాడకూడదూ? నాన్న పోయాక మందిరం గడప తొక్కలేదు నువ్వు.

నీ
అన్నయ్య

ప్రియమైన అన్నయ్యకు,

ఉత్తరంలో కూడా అరవగలిగిన మనిషివి నువ్వొక్కడివే. షాపులో చదువుతుంటే నా మొహం చూసి మేస్త్రీ "ఎవరమ్మా తిడుతున్నారు?" అన్నాడు. మా అన్నయ్య, క్షేమం అడుగుతున్నాడు అని చెప్పాను.

నీ బోధ తప్పు. వాక్యం సంగతి నాకు తెలియదు, వైరింగు తప్పు.

సీరియల్ సెట్టులో కరెంటుకు ఒకటే దారి. మొదటి బల్బులోంచి రెండోదానికి, రెండోదానిలోంచి మూడోదానికి, అలా చివరిదాకా పోవాలి. మధ్యలో ఒక్క బల్బులో తీగ తెగితే దారే తెగినట్టు. ఆ బల్బు తీసేస్తే ఏమవుతుంది? అక్కడ ఖాళీ మిగులుతుంది. అప్పుడూ దారి తెగే ఉంటుంది.

మరిచిపోయావా? నాన్న వరండా నేల మీద దండ పరిచేవాడు, ఆరు వోల్టుల చిన్న బల్బులు. నీ చేతిలో ఒక మంచి బల్బు. చివరినుంచి ఒక్కోటీ తీసి, దాని చోట ఆ మంచిది పెట్టాలి. ప్రతిసారీ నాన్న "స్విచ్చి!" అని కేక పెట్టేవాడు, నేను పరుగెత్తి ఆపేదాన్ని, బల్బు మార్చాక మళ్లీ వేసేదాన్ని. బాబాయి గోడకు ఆనుకుని పాడేవాడు. చరణం అయ్యేలోపు దొంగ బల్బు దొరకాలని పందెం. దొరకగానే దండంతా ఒక్కసారి భగ్గున వెలిగేది, నాన్న గడ్డం కూడా ఎర్రగా, పచ్చగా మెరిసేది. బాబాయి చరణం మధ్యలో వదిలేసి "ఓడిపోయాన్రోయ్!" అనేవాడు. ఆ వెలుగు నేను ఇప్పటికీ ఎక్కడా చూడలేదు.

ఒకసారి నువ్వు తొందరపడి మాడిన బల్బు పీకి వీధిలోకి విసిరేసి, "ఇక వెలుగుతుంది చూడండి" అన్నావు. స్విచ్చి వేస్తే చీకటి! నాన్న పడీ పడీ నవ్వాడు. పెద్దయ్యావు, బోధకుడివయ్యావు, నీ లెక్క మాత్రం ఇంకా అదే.

ఖాళీలో రెండు తీగలూ ముడివేస్తే వెలగదా అంటావు. వెలుగుతుంది, కొంచెం ఎక్కువగానే. ఆ పోయినదాని వంతు భారం మిగతావాటి మీద పడుతుంది, అవి త్వరగా మాడతాయి. దర్జీ కోడలిని పెట్టినా దండ అదే దండ. రేపు ఆవిడకు జలుబు చేస్తే?

ఇంట్లో వంటింటి బల్బు మాడితే వరండా బల్బు ఆరుతుందా? ఆరదు. ప్రతి బల్బుకూ కరెంటు వచ్చే మూలంనుంచి తన సొంత దారి ఉంటుంది. దాన్నే పారలల్ అంటాం. రెండు సెల్లులు, మూడు టార్చి బల్బులు తెచ్చుకుని, రెండు రకాలుగానూ కలిపి చూడు. చూశాక బోధించు.

బాబాయిని మాత్రం కదపకు. ఇక నా పాట సంగతి అడగొద్దు.

నీ
చెల్లి

ప్రియమైన చెల్లెమ్మకు,

ఇంట్లో చూడలేదు. మందిరంలోనే, అందరి ముందూ, బల్ల మీద పెట్టి చూశాను!

ముందు సీరియల్. మూడు బల్బులూ ఏడుపు మొహాలతో మినుకుమన్నాయి. ఒకటి తీశాను, మూడూ పోయాయి. "చూశారా!" అని గర్జించాను. తర్వాత నువ్వు చెప్పినట్టు ఒక్కోదానికీ సెల్లులనుంచి విడివిడిగా తీగలు లాగాను. అబ్బ! మూడూ పూర్తి వెలుగు. ఒకటి తీశాను, మిగతా రెండూ తొణకలేదు. తీసింది మళ్లీ పెట్టి, ఇంకోటి తీసి చూశాను.

అప్పుడు అన్నాను: "బాబాయ్, నువ్వు ఊరికే కూర్చో. ఇవాళ సభ పాడుతుంది, నాన్న పాట." ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి అందరూ నా వైపు చూశారు, బోధకుడు అందుకుంటాడని. నేను మొదటి పంక్తి ఎత్తాను. రెండో పంక్తి రాలేదు! వాక్యం అధ్యాయాలకు అధ్యాయాలు అప్పజెప్పగలను, కన్నతండ్రి పాట రెండు పంక్తులు రాలేదు చెల్లీ.

బాబాయి పగలబడి నవ్వాడు. "ఒరేయ్, ఇన్నాళ్లూ నా వెనకాల గొణుగుతున్నావన్నమాట!"

వెనక బల్ల మాట అక్కడే చచ్చింది. ఇప్పుడు రోజూ సాయంత్రం ఆయన మందిరం మెట్టు మీద కూర్చుంటాడు, మేం చుట్టూ చేరతాం. గుంపుగా కాదు, ఒక్కొక్కరూ విడిగా అప్పజెప్పాలి. దర్జీ కోడలు మిషను తొక్కుతూ పాడుకుంటోంది, తాపీమేస్త్రీ గోడ కడుతూ పాడుకుంటున్నాడు. మూడు చరణాలు వచ్చేశాయి. వచ్చి విను!

నీ
అన్నయ్య

ప్రియమైన అన్నయ్యకు,

రెండుసార్లు చదివాను. బాబాయి నవ్వు వినపడింది.

ఒక జాగ్రత్త. పారలల్‌లో బల్బులు పెరిగేకొద్దీ సెల్లుల మీద భారం పెరుగుతుంది, అవి త్వరగా అయిపోతాయి. "మన మూలం తరగదు" అని నువ్వు బల్ల గుద్దుతావు, తెలుసు. నేననేది పైవాడి సంగతి కాదు, బాబాయి సంగతి. ఆయన చేత ఎక్కువసేపు పాడించకు. వేడినీళ్లు తాగించు.

నాలుగో చరణం ఊసెత్తలేదేం? అది నాన్న మంచం మీద ఉండి కట్టినది. అప్పుడు పక్కన ఉన్నది బాబాయీ, నేనూ. ఒక్కో పంక్తీ నా చేత అనిపించుకుని, సరిచేసుకుని, మళ్లీ అనిపించుకునేవాడు. ఆ రాగం నోటికొస్తే ఆ మంచం, ఆ మందుల వాసన, నా చేతిలో చల్లబడిన ఆయన వేళ్లు, అన్నీ వస్తాయి. అందుకే నేను పాడను. బాబాయినే అడిగి నేర్చుకోండి. షాపులో పని కూడా ఊపిరాడనివ్వడం లేదు. ఏమీ అనుకోకు.

నీ
చెల్లి

ప్రియమైన చెల్లెమ్మకు,

నిన్న ఆరాధనలో బాబాయి రెండో చరణంలో ఆగిపోయాడు. పాట ఆగలేదు! వందమంది పాడుకుంటూ పోయారు. ఆయన మెల్లగా వెనక్కి తిరిగి, సభ వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వాళ్ల నోటినుంచే పంక్తి అందుకుని, మళ్లీ కలిశాడు. మూడో చరణం అయ్యాక అన్నాడు: "ఇన్నేళ్లూ నాకు నా గొంతే వినపడిందిరా. ఇంత బాగుంటుందా ఈ పాట!" ముందు బల్లలో పిన్ని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

తర్వాత నాలుగోది ఎత్తాడు. "నా వంతు నూనె నే తెచ్చినానయ్యా." ఆగాడు. సభంతా ఆగింది. అన్ని మొహాలూ ఒక్కసారి ఆరిపోయాయి, అచ్చం మన వరండాలో దండలాగా. నేను ఆయన వైపు చూశాను. "నన్ను చూస్తావేంట్రా? మాటలు నాలోంచి పోయాయి. అమ్మాయిలో ఉన్నాయి. దాన్ని పిలు" అన్నాడు.

విన్నావా? నాకు పారలల్ నేర్పిన మనిషివి, నాన్న ఆఖరి చరణాన్ని ఒక్క గొంతులో దాచుకుని కూర్చున్నావు! నీకు రేపు ఏమైనా అయితే ఆ దారి తెగినట్టే. అంత కరెంటూ ఒక్క తీగలోంచే పోతే తీగ కాగిపోతుందని నీకు నేను చెప్పాలా? ఆ మంచం ఒక్కదానివే మోస్తున్నావు. తెచ్చి మా మధ్య దించు. వందమందిమి ఉన్నాం, తలా కాస్త పట్టుకుంటాం.

రాసి పంపుతానంటావేమో. మాటలు కవరులో వస్తాయి, రాగం రాదు. ఆ రాగం బాబాయి గొంతులో ఇంకా ఉంది, మాట లేకుండా కూనిరాగం తీస్తూ మెట్టు మీద కూర్చుని వీధి మలుపు వైపు చూస్తున్నాడు. నువ్వు మాట అందిస్తే ఆయన అందుకుంటాడు. అది ఇవాళ్టి సంగతి. వచ్చే నెలకు ఆ కూనిరాగమైనా మిగులుతుందని నేను వాక్యం మీద చెయ్యి వేసి చెప్పలేను.

చేతిలో మోటారు ఎంతవరకు చుట్టావో అక్కడే వదిలెయ్యి. మేస్త్రీకి చెప్పు, మా అన్నయ్య ఈసారి నిజంగానే తిడుతున్నాడని. లే, చెల్లెమ్మా!

మెట్టు మీద, బాబాయి పక్కన కూర్చుని,
నీ అన్నయ్య

తా.క. జవాబు రాయకు. ఈరోజే, ఇప్పుడే, బస్సెక్కు.