అమ్మీ మోచేతి ఎత్తు

13 ఏప్రిల్ 2025, ఆదివారం

వంటగది పడగొడుతున్నాం. రాస్తుంటేనే హాయిగా ఉంది. ఇంకోసారి రాస్తాను. వంటగది పడగొడుతున్నాం!

పదకొండేళ్లు ఆ రేకుల గదిలో ఉన్నాను. ఆరడుగుల వెడల్పు, కిటికీ లేదు. ఏప్రిల్ వచ్చిందంటే అన్నం ఉడుకుతోందో నేను ఉడుకుతున్నానో తెలియదు. మొత్తానికి మా ఆయన ఖైజర్ ఒప్పుకున్నాడు. బక్రీద్‌కు కొత్త పొయ్యి వెలగాలని గడువు కూడా తనే పెట్టాడు.

మా ఇంట్లో మాట దక్కనీ ఉర్దూ. డైరీ మాత్రం తెలుగులో రాస్తాను, నేను చదివింది తెలుగు మీడియం. పైగా ఇంట్లో ఇంకెవరికీ తెలుగు చదివే ఓపిక లేదు. కాబట్టి ఉన్నదున్నట్టు రాసుకోవచ్చు. నాకు వైన్ కలర్ షట్టర్లు కావాలి. కిందా పైనా షట్టర్లే. నిగనిగలాడాలి, అందులో నా మొహం నాకు కనబడాలి.

14 ఏప్రిల్

అత్తయ్యను అమ్మీ అంటాను. పేరు ఖాతూన్. రెండేళ్లుగా కళ్లలో ప్రెషర్ పెరిగి చూపు పోతూ వచ్చింది. ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియదు. పోయిన ఏడు రంజాన్‌లో పకోడీలు వేస్తూ నూనె ముంజేతి మీద ఒలకబోసుకుంది. ఆ రోజు నుంచి ఖైజర్ ఆమెను పొయ్యి దగ్గరకు రానివ్వడు. బొగ్గు గని అండర్‌గ్రౌండ్‌లో పని చేసేవాడు కదా, యాక్సిడెంట్ అన్న మాట వింటే చాలు, మొహం మారిపోతుంది.

అలా వంటగది నా ఒక్కదానిదైంది. అబద్ధం ఎందుకు, లోపల ఒక మూల సంతోషించాను.

ఇవాళ గోడ కొలతలు తీస్తుంటే అమ్మీ మంచం మీంచే అడిగింది, కొత్త కిచెన్‌ల నేనెక్కడ నిలబడాలె బేటీ అని. మీరు హాయిగా కూర్చోండి అన్నాను. బియ్యం బస్తానైతే దినాం ఒక్కసారన్న ముట్టుకుంటరు, నన్నైతే గట్ల గూడ ముట్టరు అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం టేప్ చేతిలోనే ఉండిపోయింది, ఏ గోడ కొలిచానో మర్చిపోయాను.

16 ఏప్రిల్, మధ్యాహ్నం 3:30

ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్. ఇల్లు ఊగింది, అరలో గ్లాసులు రెండంగుళాలు జరిగాయి. రోజూ జరుగుతాయి, రోజూ వెనక్కి నెడతాను. చూపున్నదాన్ని, నాకేం ఫరక్ పడుతుంది.

20 ఏప్రిల్, ఆదివారం

వాకిట్లో చాక్‌పీసుతో కొత్త వంటగది గీశాను. అసలు సైజులో. పొయ్యి దగ్గర రెండు ఇటుకలు, సింకు దగ్గర బకెట్టు. పై షట్టర్ల ఎత్తులో తాడు కట్టి అట్టముక్కలు వేలాడదీశాను. తర్వాత దుపట్టా కళ్లకు గట్టిగా కట్టుకుని టీ పెట్టబోయాను.

నాలుగు అడుగుల్లో మూడుసార్లు నుదురు కొట్టుకుంది. అట్టముక్క కాబట్టి బతికిపోయాను. చక్కెర అనుకుని బకెట్లో చెయ్యి పెట్టాను. పక్కింటి సారవ్వ గోడ మీంచి చూసి, ఏందే మహెజబీన్, ఎండ నెత్తికెక్కిందా అని అరిచింది. ఎక్కిందవ్వా అన్నాను.

తర్వాత అమ్మీ చెయ్యి పట్టుకుని ఆ గీతల్లోకి తీసుకొచ్చాను. చెప్పులు విడిచి నడిచింది. ఇటుకల దగ్గర ఆగి, రెండు చేతులూ ముందుకు చాపి, లేని గిన్నెను దించింది. నాకు ఏడుపొచ్చింది, ముక్కు చీదుకుంటే జలుబు చేసిందా అని అడిగింది.

21 ఏప్రిల్

పై షట్టర్లు క్యాన్సిల్.

23 ఏప్రిల్

వడ్రంగి అంజన్న వచ్చాడు. పైన ఏం లేకుంటే గిదేం కిచెన్ అక్కా అంటాడు. తెరిచిన అరలు పెడితే బొగ్గు దుమ్ము ఎట్ల ఆగుతదని ఇంకో ప్రశ్న. నిజమే, మా ఊళ్లో పొద్దున తుడిచిన బల్ల మీద సాయంత్రానికి పేరు రాయొచ్చు. చివరికి ఇలా తేలింది. సామానంతా కింద డ్రాలలో. మసాలా డబ్బాలకు మాత్రం ఛాతీ ఎత్తులో ఒకే ఒక్క అర, ముందు రెండంగుళాల అంచు, డబ్బాకూ డబ్బాకూ మధ్య అడ్డుచెక్క. బ్లాస్టింగ్‌కు ఏదీ కదలకూడదు. దుమ్ముకు పరదా నేనే కుడతాను, జాకెట్లు కుట్టే చేతికి పరదా ఎంత పని.

ఎత్తు దగ్గర గొడవొచ్చింది. అందరికీ ముప్పైమూడు అంగుళాలే పెడ్త అంటాడు. అందరూ ఎవరన్నా, మా ఇంట్లో ఉన్నది మేమే అన్నాను. అమ్మీని గోడకు నిలబెట్టి మోచేయి కొలిపించాను. దానికి ఆరంగుళాలు తగ్గిస్తే పొయ్యి వైపు ముప్పై వచ్చింది. సింకు వైపు నా ఎత్తుకు ముప్పైనాలుగు. అంటే పొయ్యి దగ్గర ఈ జన్మంతా నా నడుము వంగాలి. వంగుతాను, ఏం పోయింది.

27 ఏప్రిల్, ఆదివారం

ఖైజర్‌తో పెద్ద పోట్లాట. కొలతల కాగితం చూసి, ముప్పై అంగుళాలు ఎవరికి అని అడిగాడు. చెప్పాను. మళ్ల కాలితే ఎవరు జిమ్మేదార్ అన్నాడు. నేనే అన్నాను. చీకట్లో మనిషి గతి ఎట్లుంటదో నీకేం తెలుసని గొంతు పెంచాడు.

పెంచి, ఉన్నట్టుండి కూర్చున్నాడు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు గనిలో ఒక మలుపు దగ్గర ఒక్కడే ఉండగా టోపీ లైటు ఆరిపోయిందట. తన చెయ్యి తనకే కనబడలేదట. ఎటు పైకో ఎటు లోపలికో తెలియక కూలబడి తడుముతుంటే బొగ్గు టబ్బులు లాగే ఇనుప తాడు చేతికి తగిలిందట. ఆగి ఉన్న తాడు. దాన్ని పట్టుకుని వెలుగు దాకా నడిచొచ్చాడట.

పదకొండేళ్లలో ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. అయినా నేను ఊరుకోలేదు, నా నోరు అలాంటిది. నీకైతే తాడు దొరికింది, అమ్మీకి మంచం ఇచ్చావు అన్నాను. లేచి చొక్కా వేసుకుని బయటికి పోయాడు.

30 ఏప్రిల్

ఖైజర్ డ్యూటీ నుంచి వస్తూ స్టీల్ పైపు తెచ్చాడు. పదకొండు అడుగులు! షేర్ ఆటోలో దాన్ని ఎలా పట్టించాడో, పక్కన కూర్చున్నవాళ్లు ఎన్ని తిట్లు తిట్టారో దేవుడికే తెలియాలి. అమ్మీ గది తలుపు నుంచి ప్లాట్‌ఫాం అంచు వెంట పొయ్యి దాకా వేయమని అంజన్నకు చెప్పాడు. పొయ్యికి జానెడు ముందే ఆపాలి. పైపు అయిపోయిందంటే ముందు మంట ఉన్నట్టు.

నేను టీ ఇచ్చాను, తాగాడు.

9 మే

రేకులు దిగాయి, స్లాబు పడింది. తూర్పు గోడకు కిటికీ వచ్చింది. దాని ముందు నిలబడి చాలాసేపు ఏ పనీ చెయ్యలేదు.

వాకిట్లో వంట, నలభైనాలుగు డిగ్రీలు. అయినా తిక్క రావడం లేదు, ఆశ్చర్యం.

18 మే, ఆదివారం

డ్రాలు బిగించారు. వైన్ కలర్! అమ్మీ వేళ్లతో తడిమి ఏం రంగు అని అడిగింది. ముదురు వంకాయ రంగు అన్నాను. నునుపు చూస్తే నీ ఇష్టమే నెగ్గినట్టుంది, బాగుంది అంది.

ఇక మామయ్య. అందరికీ ఇస్‌హాక్ సాబ్, మాకు అబ్బా. ముప్పైరెండేళ్లు గని లాంప్ రూంలో దీపాలు ఇచ్చి పుచ్చుకున్న మనిషి. అక్కడ ప్రతి దీపానికీ నంబరు, ప్రతి నంబరుకూ ఒక చోటు. షిఫ్టు దిగాక ఒక చోటు ఖాళీగా ఉందంటే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క. వంటగది కూడా గట్లనే ఉండాలె అంటాడు. నెల రోజులుగా వెనక వరండాలో ఏదో టకటక కొడుతుంటే పాత కుర్చీ బాగు చేస్తున్నాడనుకున్నాం. ఇవాళ బయటపెట్టాడు. ఇత్తడి బిళ్లలు, ఇరవైనాలుగు. ఒక్కోదాని మీద పంచ్‌తో కొట్టిన అంకె, వేలు పెడితే తెలిసేలా. డబ్బాకు ఒకటి, అర మీద దాని చోటుకు ఒకటి. ఒకటో నంబరు ఉప్పు, రెండు కారం, మూడు పసుపు, అలా పన్నెండు దాకా.

అమ్మీ అన్నిటినీ తడిమింది. చాలా బాగున్నాయంది. అబ్బా మీసం దువ్వుకున్నాడు.

22 మే

నాలుగు రోజులుగా అమ్మీ సర్దే డబ్బాలు తప్పు చోట్లలో ఉంటున్నాయి. పొయ్యి లేకుండా ఉత్త ప్రాక్టీసే, అయినా తప్పులే. పసుపు ధనియాల చోట, ఉప్పు ఎక్కడో. అబ్బాకు విసుగొచ్చింది. బిళ్ల ఉన్నది ఎందుకు, వేలు పెట్టి చూస్కోవచ్చు గదా అని కసురుకున్నాడు. ఖైజర్ నా వైపు చూశాడు. నేను చెప్పలేదా అన్నట్టు.

మధ్యాహ్నం అమ్మీ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెవిలో చెప్పింది. ఆమెకు అంకెలు రావట. బడికి పోలేదని అందరికీ తెలుసు. అంకెలు కూడా రావని ఎవరికీ తెలియదు. నోట్లు రంగు చూసి ఇచ్చేది. బస్సు ఎక్కేముందు ఎవరినో అడిగేది. లెక్క మాత్రం నోటితో ఎంతైనా చెబుతుంది, కాగితం మీది అంకె గుర్తుపట్టలేదు. నలభైయేడేళ్ల కాపురంలో మొగుడికి తెలియనివ్వలేదు. నెల రోజులు గా బిళ్లలు కొట్టిండు బేటీ, నాకు రావని ఏ మొహంతోని చెప్పాలె అంది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది.

లేచి ఆ డబ్బాలన్నీ నేనే వాటి చోట్లలో పెట్టేశాను.

23 మే

చెప్పేశాను. నా నోట్లో నువ్వుగింజ నానదు.

అబ్బా విన్నాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. నమాజుకు పోయి రెండు గంటలు ఇంటికి రాలేదు.

24 మే

అమ్మీ నాతో మాట్లాడటం లేదు. ఒట్టు తప్పినదాన్ని, బుద్ధొచ్చింది. అబ్బా అర దగ్గర బిళ్లలన్నీ ఊడదీశాడు. సుత్తి పట్టుకుని వరండాలోకి పోయాడు. రోజంతా టక్, టక్.

25 మే, ఆదివారం

బిళ్లలు తిరగేశాడు. వెనక వైపు చుక్కలు కొట్టాడు. ఉప్పుకు ఒక చుక్క, కారానికి రెండు, పసుపుకు మూడు. ఐదు దాటాక ఐదింటికి ఒక గీత, దాని పక్కన చుక్కలు. లెక్క నోటికి వచ్చినప్పుడు వేలికి రాకుండా ఎక్కడికి పోతుంది?

అమ్మీ చెయ్యి పట్టుకుని బిళ్ల మీద పెట్టాడు. ఆమె ఏక్, దో, తీన్ అని లెక్కపెడుతూ పన్నెండు దాకా పోయింది. ఒక్కటీ తప్పలేదు. అప్పుడు అబ్బా అన్న మాట నేను గుమ్మం దగ్గర విన్నాను. తప్పు నాదే, నలభైయేడేళ్లు నేనొక్కసారన్న అడగకపోతిని అన్నాడు. అమ్మీ ఏడ్చింది. ముసలోళ్ల మధ్య నాకేం పని అని వచ్చేశాను, వచ్చి నేనూ ఏడ్చాను. సాయంత్రం అమ్మీ నన్ను పిలిచి, వాగుడుకాయా, తలకు నూనె పెట్టు అంది. రాజీ అన్నమాట.

2 జూన్

డ్రిల్. ఖైజర్ పొయ్యి వెలిగించి ఆర్పడం అమ్మీతో పదిసార్లు చేయించాడు, గనిలో కొత్తవాళ్లకు చేయించినట్టు. నాబ్, మంట చప్పుడు, చెయ్యి దూరంగా పెట్టి వేడి చూడటం, ఆర్పి రెగ్యులేటర్ మూయడం. పదికి పది. షరతు ఒకటి, ఇంట్లో మెలకువగా ఒకరు ఉండాలి.

ఇంకేం, బక్రీద్‌కు మీరే అమ్మీ అన్నాను. ఖైజర్ వెంటనే, నక్కో, వద్దు, ఆ రోజు చుట్టాలు, హడావుడి, తర్వాత చూద్దాం అన్నాడు. అమ్మీ హౌ బేటా అని తలూపింది. పైపు పట్టుకుని మంచం దాకా నడిచి వెళ్లింది.

7 జూన్, బక్రీద్

కొత్త వంటగదిలో నేను వండాను. కిటికీలోంచి గాలి, డ్రా లాగితే గరిటె, అడుగు తీసి అడుగు వేయకుండా అన్నీ చేతికందాయి. వచ్చినవాళ్లంతా వంటనూ పొగిడారు, రంగునూ పొగిడారు. ఇదే కదా పదకొండేళ్లు కలగన్నాను. అమ్మీ కొత్త బట్టల్లో మంచం మీద కూర్చుని అందరికీ సలాం చెబుతూ ఉంది.

ఆ మంచం వైపు చూడకుండా వడ్డిస్తూ పోయాను.

8 జూన్

అమ్మీ ఎప్పుడు వండొచ్చో అడుగుదామనుకున్నాను. ఖైజర్‌కు డబల్ డ్యూటీ.

11 జూన్, బుధవారం. పొద్దున 7:40

ఇప్పుడే లేచాను. అలారం ఎవరు ఆపారో తెలియదు. ఖైజర్ ఫస్ట్ షిఫ్టుకు ఆరింటికే పోవాలి, టిఫిన్ డబ్బా కట్టలేదని పరిగెత్తాను.

అబ్బా టీ తాగుతున్నాడు. నాలుగున్నరకే అమ్మీ లేపిందట, నువ్వు మెలకువగుండు చాలు, మాట్లాడకు అని. రొట్టెలు చేసింది, టమాటా కూర వండింది. ఖైజర్ లేచి బ్రష్ నోట్లో పెట్టుకుని గుమ్మంలో చప్పుడు చెయ్యకుండా చూస్తూ నిలబడ్డాడట. కూర దించేదాకా అలాగే. అమ్మీ వెనక్కి తిరగకుండానే, గాలికి అడ్డం నిలబడకు, మొహం కడుక్కో, లేట్ అయితది అందట.

డబ్బా తీసుకుని, తల్లి చెయ్యి కళ్లకు అద్దుకుని పోయాడట.

నాకూ రెండు రొట్టెలు మూతపెట్టి ఉన్నాయి. ఇకనుంచి ఫస్ట్ షిఫ్టు ఆమెదట. నాది జనరల్ షిఫ్టట, తొమ్మిదింటికి రిపోర్టు చెయ్యాలట.