మడత పైకా, కిందికా?

ఆదివారం, సాయంత్రం
నిర్ణయం ఖాయం! కారు అడుగున బిగించే రక్షణ రేకు నేనే చేస్తాను. కొలవడం, కోయడం, వంచడం, బిగించడం... అన్నీ ఈ రెండు చేతులే. మెకానిక్ నీడ కూడా పడనివ్వను.

పోయిన నెల అత్తగారి తోట ఇంటికెళ్ళే దారిలో రాయి తగిలి ఆయిల్ చాంబర్ పగిలింది. అత్తగారు బండిని వెనకనుంచి తోశారు, పాపం. మా ఆవిడ తీర్పు: "ఇంకోసారి ఒక్క చుక్క కారిందో, ఈ డొక్కుని అమ్మేయడమే!" డొక్కట! పెళ్ళికి ముందు నుంచీ నాతో ఉన్న బండి! వచ్చే ఆదివారం మళ్ళీ ఆ దారినే ప్రయాణం.

సోమవారం
కారు కింద వెల్లకిలా పడుకుని, అట్ట ఆనించి గీతలు గీశాను. నోట్లో మట్టి, కంట్లో గ్రీజు. ఎంత హాయి! రాయి తగిలితే జారిపోయేలా ముందు అంచుకి పైకి మడత, నాలుగు బోల్టులు. కావాలంటే బిగించు, వద్దంటే విప్పు.

మంగళవారం
ఇనప రేకు వచ్చింది. రంపం పట్టాను. గంటకి బెత్తెడు. పక్కింటాయన వచ్చి, "ఏం కోస్తున్నారండీ, మా చెవులా?" అన్నాడు. కళాపోషణ లేదు.

బుధవారం
కోయడం మటుకు వెల్డరుకిచ్చాను. కోయడం అసలు పనే కాదు. వంచడమే పని.

గురువారం, పొద్దున్నే
వంచాను!! సుత్తితో, నేనే! అట్ట మీద గీతలు నా వైపున్నాయి కదా, మడత కూడా నా వైపుకే తిప్పాను. మా ఆవిడకి చూపిస్తే, "బాగుందండీ, చేట" అంది. కుళ్ళు.

శుక్రవారం
బిగించబోతే మడత నేలని చూస్తోంది! బల్ల దగ్గర నా వైపంటే పైకి. కారు కింద పడుకుంటే నా వైపంటే కిందికి. ఈ ముక్క బుర్రకి తట్టి చావలేదు. మళ్ళీ వంచితే రేకు విరుగుతుంది (బహుశా). నడుం పట్టేసింది (నిజంగా). అయినా కిందికుంటే ఏమైంది? గాలి తగులుతుంది.

శనివారం
రెండు బోల్టులు దిగాయి. రెండు మొండికేశాయి. అటువైపు తీగతో కట్టు. ఇంకా సులువుగా ఊడుతుంది!
కట్టింది మెకానిక్. నేను లైటు పట్టుకున్నాను.

ఆదివారం
తోట దారి. కింద గరగరమని ఒకటే చప్పుడు. నేను రేడియో గట్టిగా పెట్టాను. సగం దారిలో ఢామ్! రేకు ఊడింది, బండి ఆగింది. మా ఆవిడ టార్చి పట్టుకుని కిందికి దూరింది. నా బండి పోయిందనుకున్నాను. ఏడుపొచ్చేసింది.

"చుక్క కూడా కారలేదండీ!"

అప్పుడు వెనక్కి తిరిగి చూశాం. వచ్చిన దారంతా చదును! మట్టి, కంకర గోకి పక్కకి నెట్టేసింది నా చేట. మా ఆవిడ అక్కడే కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ కూలబడ్డాను. "సరే, ఉండనీండి మీ డొక్కుని" అంది కళ్ళు తుడుచుకుంటూ. నాకు గంతులెయ్యాలనిపించింది. వేశాను కూడా.

సోమవారం
నిర్ణయం ఖాయం! కొత్త రేకు. అన్నీ ఈ రెండు చేతులే. మెకానిక్ నీడ కూడా పడనివ్వను. ఈసారి మడత పైకి!

ఇప్పుడే అత్తగారి ఫోను: "బాబూ, ఆ మడత కిందికే ఉండనివ్వండి. మా గుమ్మం దాకా ఇంకా సగం దారుంది."