మన ట్రాక్టర్ వేలంపాట

విచిటా, 9 అక్టోబరు 1987

అక్క ఆర్డిస్‌కు,

కబేళాలో పని కుదిరింది, నా గురించి బెంగ వద్దు. నిన్న భోజనాల వేళ తోటి పనివాడు గస్ ఒక టేపు పెట్టాడు. మన పల్లెల మీద పాటలు కట్టే రాయ్ హెల్మర్ మూడో ఆల్బం అది. మొదటి రెండూ నాకు ప్రాణమని నీకు తెలుసు. ఇది వాటిని మించింది. అందులో ఒక పాటలో, వేలం రోజున ఒక ముసలి రైతు తన ట్రాక్టర్ కొన్నవాడితో, "చలికి మొరాయిస్తుంది, తిట్టకు నాయనా, కాసేపు ఆగు" అంటాడు.

"ఇలాంటి మాట ఇంకెవడికి తడుతుందిరా!" అన్నాడు గస్.

"మా ట్రాక్టర్ వేలం వేసిన రోజు మా నాన్న అన్న మాటే అది. ఆ రోజు చూడవచ్చిన జనంలో హెల్మర్ కూడా ఉన్నాడు" అన్నాను.

"పోరా, ప్రతి రైతు కొడుకూ అది మా ఇంటి పాటే అంటాడు" అని అందరూ నవ్వారు. టేపు అట్ట మీద డోలు వాయించినవాడి పేరు కూడా ఉంది, నాన్న పేరు లేదు. పాట మాత్రం గొప్పగా ఉంది, అదే నా ఏడుపు.

అమ్మ మోకాలు ఎలా ఉంది? నా ఉన్ని కోటు పంపు. రేడియోలో ఆ పాట వస్తే నాన్న ముందు కట్టేయకు. పొలం ఎలాగూ పోయింది, ఆ మాటైనా తనదని ఆయనకు తెలియాలి. పిల్లలకు నా ముద్దులు.

నీ తమ్ముడు,
వెర్లిన్