జారని పుస్తకం

ఆగస్టు 6, బుధవారం

మెకానిక్స్ మొదటి క్లాసు. ఏడ్చినట్టుంది. కలకత్తా దగ్గరి మా చూచుడా కాలేజీలో మాస్టార్లకి పేర్లుండవు, పొడి అక్షరాలే. ఈయన కె.డి.బి. గంటసేపూ బల్ల మీద ఓ డస్టర్ పెట్టి, దీన్ని ఎవరు తోస్తున్నారో చెప్పండర్రా అని అడుగుతూనే ఉన్నాడు. ఎవరూ తోయట్లేదు సార్ అన్నారు ముందు బెంచీవాళ్ళు. అయితే బల్ల ఊరికే నిలబడి గోళ్ళు గిల్లుకుంటోందా అన్నాడు. అందరూ నవ్వారు, గొర్రెలు. నోట్సు ఒక్క ముక్క ఇవ్వలేదు. జిల్లాలో ఫిజిక్సు ఫస్టు వచ్చినదాన్ని, డస్టర్ దర్శనానికి వచ్చానా?

ఆగస్టు 19

పార్థదా, అంటే అందరి పార్థ అన్నయ్య, ట్యూషన్లో చేరాను. మెట్ల నిండా చెప్పులు. దుర్గాపూజ సెలవుల ముందు ఆయనిచ్చే సజెషన్ కాగితం కోసం సగం జిల్లా కాచుకుని ఉంటుంది. పరీక్షలో ఏం వస్తుందో ముందే రాసిచ్చేస్తాడు. ఘర్షణ అంటే మ్యూ ఎన్, రాసుకోండి, ఆలోచిస్తూ కూర్చుంటే బస్సు వెళ్ళిపోతుంది అన్నాడు. చదువు చెప్పడమంటే అదీ.

సెప్టెంబర్ 11

వాన. క్లాసు లేదు. హాయి.

నవంబర్ 14

రాతపరీక్ష మార్కులు వచ్చాయి. నేనే ఫస్టు. ఆశ్చర్యమేముంది?

నా లాబ్ పార్ట్‌నర్ ఉజాన్‌కి అత్తెసరు మార్కులు. వైవాలో గట్టెక్కకపోతే ఆనర్స్ కట్. అంటే పాస్ కోర్సు, అంటే ఎం.ఎస్సీ. మీద ఆశ వదులుకోవడమే. వాడికేమో ఫిజిక్సు మాస్టారవ్వాలని చిన్నప్పటినుంచీ కలట. ముందు ఫిజిక్సు రావాలిగా నాయనా. గుళ్ళో దేవుణ్ణి అడిగినట్టు నన్నడిగాడు, కాస్త చెప్పవూ అని. సరేనన్నాను. పుణ్యమొస్తుంది.

నవంబర్ 17

గంగ ఒడ్డున ఘాట్ మెట్ల మీద పాఠం. మరమరాలూ వంకాయ బజ్జీలూ వాడి ఖర్చు.

మట్టిబుర్ర. ఏటవాలు పలక మీద పుస్తకం ఉంది, జారడం లేదు, ఘర్షణ ఎంత? ఎన్ అంటే పలక పుస్తకాన్ని నెట్టే బలం, మ్యూ అంటే గరుకుదనం, రెండూ గుణించు, అయిపోయింది అన్నాను. వాడు బజ్జీ పక్కన పెట్టాడు. మరి పుస్తకం కదలట్లేదు కదా, పలక వాలు ఇంకాస్త పెంచితే ఘర్షణ పెరగాలి కదా, ఈ లెక్కన తగ్గుతోందేమిటి అని సణిగాడు. నాకు ఒళ్ళు మండింది. నువ్వు కొత్త న్యూటన్‌వా, చెప్పింది రాయి అన్నాను. రాశాడు.

నవంబర్ 24, సాయంత్రం నాలుగు

వైవా అయిపోయింది. వరసగా రాసుకోవాలి.

మా దగ్గర ఒకడు బయటికి రాగానే మిగతావాళ్ళు ఈగల్లా ముసురుతారు, ఏమడిగాడు, ఏమడిగాడు అని. నాకంటే ముందు ఉజాన్ వంతు. మొహం పాలిపోయి బయటికొచ్చాడు. కె.డి.బి. ఆ పుస్తకమే అడిగాడట. వీడు మ్యూ ఎన్ అన్నాడట. ఆయన నవ్వి, అయితే కిందికి లాగే బలం కంటే నీ ఘర్షణే ఎక్కువైంది, ఇక పుస్తకం దానంతటదే పలక ఎక్కేస్తుందా బాబూ అన్నాడట. ఎవరు చెప్పారిది అని గట్టిగా అడిగితే వీడు తలొంచుకుని, నేనే అలా అనుకున్నాను సార్ అన్నాడట.

వాడు చెబుతుండగానే నాకు వెలిగింది. జారనంతసేపూ ఘర్షణ ఎంత కావాలో అంతే ఉంటుంది. మ్యూ ఎన్ అనేది దాని హద్దు. ఇంతే! బల్ల కూడా డస్టర్‌ని ఎంత కావాలో అంతే తోస్తుంది, ఆ ముసలాయన ఆగస్టునుంచీ డస్టర్ పెట్టుకుని మొత్తుకున్నది ఇదే.

లోపలికి వెళ్ళాను. అదే ప్రశ్న. గడగడా చెప్పేశాను.

నవంబర్ 28

నోటీసు బోర్డు. ఉజాన్‌కి ఆనర్స్ కట్. పార్థదాకి చెబితే, ఆ ప్రశ్న నా సజెషన్లో లేదమ్మా అన్నాడు. థూ.

డిసెంబర్ 1, సోమవారం

కె.డి.బి. గదికి వెళ్ళాను. తప్పు నాది సార్, వాడికి నేనే చెప్పాను, ఇంకోసారి పిలిచి అడగండి అని చెప్పడానికి. దారంతా మనసులో వల్లించుకున్నాను.

కూర్చోమ్మా అన్నాడు. టీ తెప్పించాడు. ఇంత క్లాసులో పార్థదా చిలకపలుకులు వల్లించకుండా సొంతంగా ఆలోచించింది నువ్వొక్కదానివే, నా ఇన్నేళ్ళ కష్టానికి ఇదే చాలు అన్నాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. ఏదో చెప్పాలని వచ్చినట్టున్నావు, ఏమిటమ్మా అని అడిగాడు.

థాంక్స్ చెబుదామని వచ్చాను సార్ అన్నాను. టీ మొత్తం తాగాను.

డిసెంబర్ 2

ఘాట్ దగ్గర ఉజాన్ ఆపాడు. నిన్న సార్ గదికి వెళ్ళావటగా, నా గురించి అడగడానికేగా, ఏమన్నారు అన్నాడు. ఎంతో బతిమాలాను, ఒప్పుకోలేదు అని చెప్పాను.

నమ్మాడు. నేనేం చెప్పినా నమ్ముతాడు.