సునీత ఎక్కని మిషన్

మంగళవారం, రాత్రి

ఈరోజు సునీతను కరీంనగర్ తీసుకెళ్లాను. తలసేమియా వల్ల పసితనం నుంచీ నెలనెలా రక్తం ఎక్కించుకుంటూ పెరిగిన నా బిడ్డకు ఇప్పుడు ఎముకలు కూడా గుల్లబారుతున్నాయి. అక్కడి దవాఖానాలో సన్నగా వణికే మిషన్ ఒకటి వచ్చిందని, రోజూ దానిమీద కాసేపు నిలబడితే ఎముకలు గట్టిపడొచ్చని డాక్టరమ్మ పోయినసారి చెప్పింది. అప్పటినుంచీ ఇంట్లో అదే మాట.

సునీత చెప్పులు విప్పి మిషన్ పక్కన నిలబడింది. "బాపూ, నువ్వు గనిల డంపర్ బండి నడుపుకుంట ఊగినట్టే నేను గూడ ఊగుత," అని నవ్వింది. అంతలో డాక్టరమ్మ కొత్త ఎక్స్‌రే చూసి ఆగమంది. వెన్నుపూస ఒకటి అప్పటికే చిట్లి ఉందట.

"ఇప్పుడు ఎక్కిస్తే ప్రమాదం. ముందు ఇది మానాలి."

"ఎన్నడు మానుతది మేడం?" అని అడిగాను.

"చెప్పలేనండీ."

సునీత చెప్పుల కోసం వంగబోతే నేనే కింద కూర్చుని తొడిగాను. ఎప్పుడు చిట్లిందో! నడుము నొప్పి అన్నప్పుడు, కూర్చుని చదవడం వల్లే అనుకున్నాం.

తిరుగు బస్సులో పెద్దపల్లి దాటాక అన్నీ గుంతలే. డ్రైవరు దగ్గరికి వెళ్లి, "అన్నా, జర మెల్లగ నడుపు, బిడ్డకు వెన్ను బాగలేదు," అన్నాను. పాపం, కాసేపు మెల్లగానే నడిపాడు. వెనక లారీలు హారన్ కొడుతుంటే మళ్లీ వేగం పెంచాడు. సునీత వీపుకూ సీటుకూ మధ్య నా చెయ్యి అడ్డం పెట్టాను. గుంత వచ్చినప్పుడల్లా నా మొహం చూసి, "నొస్తలేదు బాపూ," అంటూనే ఉంది.

నేను అడగనే లేదు.